లేవండి అన్నది ఆయన కాదు

ఆ ఆదివారం మా మందిరంలో బైబిల్లోని విత్తువాని భాగం, విత్తనాలు చల్లే మనిషి కథ, నడుస్తోంది. మా పద్ధతి ఏమిటంటే, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని నేను ఒక్కో వచనం పైకి చదువుతాను. పాస్టరుగారు, అంటే మా ఆయన, దాన్ని విడమరిచి చెబుతారు. వాక్యంలో లేనిది ఒక్క ముక్క కలపరు. బెల్లంకొండ దగ్గర మా చిన్న ఊళ్లో ఆయన్ని చప్పిడి పాస్టరని వెనకాల నవ్వుకునేవాళ్లూ ఉన్నారు.

విత్తనాలు ముళ్లపొదల్లో పడ్డ వచనం చదివి తలెత్తాను. ఆయన మాట్లాడలేదు. చూపు గోడ మీద నిలిచిపోయింది. ఏదో నములుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి, కుడిచెయ్యి చొక్కా గుండీని పీకుతోంది. అంతలో ఆయనది కాని గొంతుతో, "లేవండి... లేవండి" అన్నారు. జనమంతా లేచి నిలబడ్డారు. కాసేపటికి ఆయన దారి తప్పినవాడిలా నా వైపు చూశారు. ఏం చెయ్యాలో తోచక అదే వచనం మళ్లీ చదివాను. ఆయన అక్కడినుంచి అందుకున్నారు.

ఇంటికొచ్చాక అడిగితే, "నేనెప్పుడన్నాను సువార్తా? ఆ భాగంలో లేవమనే మాటే లేదు కదా" అన్నారు. దాంతో నా భయం రెట్టింపయింది.

తర్వాత మందిరంలోనే ఆయనకు మళ్లీ అలాగే అయింది, ఆ తర్వాత మళ్లీ. సంఘ పెద్ద ఇశ్రాయేలన్న ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఇన్నాళ్లకి అయ్యగారి మీదికి పరిశుద్ధాత్మ దిగింది అమ్మగారూ. మీరు భయపడమాకండి" అన్నాడు. పక్క ఊళ్ల నుంచి జనం రావడం మొదలైంది. మార్తమ్మ పక్షవాతం వచ్చిన భర్తను ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో పడుకోబెట్టింది. "అందర్నీ లేవమంటన్నాడుగా అయ్యగారు. ఈయన్ని కూడా ఒకసారి లేవమనమని చెప్పండమ్మగారూ" అంది.

నా భయం ఎవరికీ చెప్పుకునేది కాదు. జబ్బు అందామంటే, దేవుని పనిని జబ్బు అన్నదాన్నవుతానేమో. ఊరుకుందామంటే, బండి మీద వస్తూ ఏ లారీ కిందో పడిపోతారేమో. ఆయన భయం వేరు. "నాకే తెలియకుండా నా నోట్లోంచి వచ్చినదానికి జనం దేవుని పేరు పెడుతున్నారు" అని అన్నం ముందు కూర్చుని ఏడ్చారు.

చివరికి డాక్టరుకు చూపిద్దామని నరసరావుపేట వెళ్లాం. "అసలేం జరుగుతోందో వివరంగా చెప్పండమ్మా" అని న్యూరాలజిస్ట్ అడిగారు. ఇశ్రాయేలన్న పెట్టిన వీడియోనే చూపించాను. "ఎవరు తీశారో గానీ మంచి పని చేశారు. చూస్తే ఫోకల్ సీజర్స్‌లా ఉన్నాయి, ఫిట్స్‌లో ఒక రకం" అన్నారు డాక్టరుగారు. ఎంఆర్ఐ, ఈఈజీ తీయించారు. తలలో గడ్డ ఉందంటారేమోనని ఎంఆర్ఐ గది బయట కూర్చున్నంతసేపూ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. "మెదడులో టెంపోరల్ లోబ్ అనే భాగంలో చిన్న స్కార్, అంటే పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయని మా అత్తయ్య చెప్పగా విన్నాను. "టాబ్లెట్ ఒక్క పూట కూడా మానొద్దు. బండి నడపొద్దు" అన్నారు.

ఆ టాబ్లెట్స్‌తో మత్తుగా ఉండేవారు. వాక్యం చెబుతూ తెలిసిన మాటకే తడుముకునేవారు. ఇశ్రాయేలన్న ఇంటికొచ్చి, "ఈ మాత్రలేంది అయ్యగారూ? దిగొచ్చిన ఆత్మని మీరే తోలేస్తన్నారు" అన్నాడు. ఆ మాటకి మా ఆయన టాబ్లెట్స్ మానలేదు. కానీ ఉపవాస ప్రార్థన రోజున మంచినీళ్లు కూడా ముట్టని అలవాటు కొద్దీ టాబ్లెట్ వేసుకోలేదు. ప్రార్థన మధ్యలో నరికిన చెట్టులా కూలిపోయారు. ఒళ్లంతా కొట్టుకుంది. నాలుక తెగి నోటినిండా రక్తం. చనిపోయారనే అనుకున్నాను. హాస్పిటల్లో డోసు పెంచారు.

ఆ తర్వాతి ఆదివారం, నాలుక పూర్తిగా మానకముందే, ఆయన నన్ను చదవవద్దని చెయ్యి చూపి తానే మొదలుపెట్టారు. "లేవండి అన్నది దేవుడు కాదు. నేనూ కాదు. అది నా జబ్బు. మీరు దేవుడి మాటనుకున్నారు, నాకు భయంగా ఉంది" అన్నారు.

మార్తమ్మ అడిగింది. "మరి మా ఆయన లేవడా అయ్యగారూ?"

"నాకు తెలియదమ్మా. దేవుడు లేపగలడు. లేపుతానని నాతో చెప్పలేదు. చెప్పని మాటని చెప్పాడని నేననలేను."

మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన కిందికి దిగి, ముందు వరసలో పడుకున్న మార్తమ్మ భర్త పక్కన కూర్చుని ప్రార్థన చేశారు. ఆ మనిషి లేవలేదు.

ఇప్పుడు మందిరం సగం ఖాళీ. ఇశ్రాయేలన్న వేరే ఊరి మందిరానికి వెళుతున్నాడు. మార్తమ్మ మాత్రం వస్తోంది. మా ఆయనకు చాలా కాలంగా ఫిట్స్ రాలేదు. మళ్లీ చప్పిడి పాస్టరే అయ్యారు.

మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి చూపు నిలిపేసి, పిలిచినా పలకకపోతే, ఆత్మా దయ్యమా అని వాదించుకునే ముందు ఫోన్‌తో వీడియో తీయండి. దాన్ని డాక్టరుకు చూపించండి.

నా భయం మాత్రం పోలేదు. వాక్యం చెబుతూ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినా నా చూపు పెదవుల మీదికే పోతుంది. అవి నములుతున్నట్టు కదలకుండా ఉంటే, తర్వాతి వచనం చదువుతాను.