సీరియల్లో చచ్చినవాడు ఆటలోనూ చచ్చినట్టే

ఉదయగిరిలో నేనూ నా స్నేహితుడూ అట్టమీద గళ్ళు గీసి, వారపత్రిక సీరియల్లోని పాత్రలతో యుద్ధమాడేవాళ్ళం. సీరియల్లో చచ్చినవాడిని ఆటలోంచి తీసెయ్యాలన్నది మా నియమం. పత్రిక ఆత్మకూరు నుంచి నా స్నేహితుడి నాయన నడిపే బస్సులోనే వచ్చేది. వాడు నాకంటే ముందే చదివేస్తాడేమోనని నా అనుమానం.

ఒకరోజు బస్సు రాగానే వాడు పత్రిక చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆటలో నాకు మిగిలిన ఒకే ఒక్క మనిషైన విలుకాడిని ఇస్తే తన సేనాపతినే ఇచ్చేస్తానన్నాడు.

"ఏందిరా, సేనాపతికి ఈ వారం చావు ఉండాదా?"

"నేనింకా చదవలేదురా! విలుకాడు దూరం నుంచి కొడతాడని అడిగినాను."

"బస్సు మీ నాయనది, చదవలేదంట!"

ఇవ్వనన్నాను. ఇద్దరం కలిసి పత్రిక తెరిచాం. మూడో పేజీలో విలుకాడు పోయాడు, అదీ పాము కరిచి.

"చదివుంటే వీడిని అడుగుతానారా?" అంటూ నా విలుకాడిని గడిలోంచి తీసేశాడు.

వాడి మీద నమ్మకం కుదిరింది గానీ, ఆడటానికి నాకు మనిషే మిగల్లేదు.