కుంపటి పెట్టిన పురిటిగది

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దలకు పాముకన్నా గాలంటే ఎక్కువ భయం. మా మేనత్త పురుడు పోసుకున్న గదికి కిటికీల మీద గోనెసంచులు కొట్టారు. తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కారు. చలిగాలి సోకితే బాలింతకు సన్నిపాతం కమ్ముతుందట. మంచం పక్కన నిండా బొగ్గులతో కుంపటి. ఇదంతా చేసినవాళ్ళు అమాయకులు కారు, ఊరందరికీ తీర్పులు చెప్పేవాళ్ళే.

ఒక మధ్యాహ్నం మేనత్త తల పగిలిపోతోందని మూలిగింది, వాంతి చేసుకుంది. పసివాడు పాలు తాగక తోటకూర కాడలా వేలాడిపోయాడు. మా తాతయ్య దిష్టి అని తేల్చాడు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పించి అదే కుంపట్లో వేయించి, తలుపు మళ్ళీ మూయించాడు. గొడ్డుకైనా ఇంతకన్నా తెలివి ఉంటుంది.

పక్కింటి మామ్మను, భర్త పోయిన మనిషని, పురిటిగది గడప తొక్కనిచ్చేవారు కాదు. పెరట్లో ఏడుస్తున్న నన్ను ఏమైందని అడిగింది. చెప్పాను. ఇక ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు. మా నాయనమ్మను మోచేత్తో పక్కకు నెట్టి లోపలికి వెళ్ళింది. గోనెలు పీకి, కొంగు చేతికి చుట్టుకుని కుంపటిని పెరట్లో పడేసింది. తల్లినీ బిడ్డనీ అరుగు మీదకు చేర్చింది. కాసేపటికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అది విన్నాకే ఆవిడ కూలబడింది.

"నిప్పుకీ గాలి కావాల్రా అబ్బాయ్. గది మూసేశావంటే నీ వాటా కూడా అదే తాగేస్తుంది," అంది. పెద్దలకు చెప్పడం దండగని నాకు చెప్పింది.

మర్నాడు మావాళ్ళు ఆ గదిని పసుపునీళ్ళతో కడిగారు. పొగ పోవడానికి కాదు, ఆవిడ అడుగుపెట్టినందుకు.

ఇప్పుడు అమెరికాలో నేనుంటున్న అల్ఫారెట్టా ఊళ్ళో ఈ సంగతి చెబితే, అప్పట్లో చదువుల్లేవు కదా అంకుల్ అని జాలిపడతారు. అలా జాలిపడిన ఒక మహానుభావుడే మొన్న చలికాలం మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఇంట్లోకి మసాలా వాసన రాకూడదని గరాజ్‌లో బొగ్గుల గ్రిల్ వెలిగించి, చలేస్తోందని షట్టర్ దించేశాడు. పిల్లలు అక్కడే ఆడుతున్నారు. ఒక పాప తలనొప్పిగా ఉందని గోడకు ఆనుకుంది. పొగకీ, బొగ్గులు వదిలే విషవాయువుకీ కలిపి అరిచే అలారమ్ ఉండాలి కదా అన్నాను.

"బ్యాటరీ తీసేశాం అంకుల్. పోపు పెడితే చాలు, ఒకటే గోల," అన్నాడు నవ్వుతూ.

షట్టర్ బటన్ నొక్కి పిల్లలందరినీ వాకిట్లోకి తోలాను. ఇంటావిడ మూతి ముడిచింది. మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది, "నాన్నా, వాళ్ళిల్లు అది," అంటూ. ఆ పాప మాత్రం బయట గాలికి కాసేపు కూర్చుని తేరుకుంది. ఇంటాయనకు చికెన్ చల్లారిపోయిందన్నదే దిగులు.

నేను బడిలో చదివింది తక్కువ. మామ్మ దగ్గర నేర్చింది మాత్రం వదల్లేదు. మూసిన చోట నిప్పు కనబడితే ఇంటాయన మొహం చూడను, లోపలున్న పిల్లల మొహాలు చూస్తాను. మర్యాద సంగతి తలుపు తీశాక ఆలోచిస్తాను.