చించని కవరు

మేడ్చల్ మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు వరండాలో కూర్చుని రాహేలు తొమ్మిదేళ్లు టైపు మిషను మీద అర్జీలు, కిరాయి కాగితాలు, అమ్మకపు అగ్రిమెంట్లు కొట్టింది. ఎదుటివాళ్లు ఎంత తొందరలో ఉన్నా సరే, కొట్టిన కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాకే సంతకానికి ఇచ్చేది. వేలిముద్ర వేసే ముసలివాళ్లకైతే రెండుసార్లు చదివేది.

టైపు మిషన్ల కాలం అయిపోవస్తోందని 1999లో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కంప్యూటరు పెట్టింది. తెలుగు అక్షరాలు కొట్టే సాఫ్ట్‌వేరు సూరారంలో పరమేశ్ దుకాణంలో కొన్నది. డబ్బాలోని సీలు కవరు చించితే సీడీతోపాటు అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ల ఒకటి వచ్చింది. దాన్ని లాక్ అంటారు. అది కంప్యూటరు వెనక తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది.

పెళ్లి పత్రికలు, చర్చి కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. ఎనిమిది నెలలు పని బాగా సాగింది. ఒకరోజు ఉన్నట్టుండి లాక్ చచ్చిపోయింది. రాహేలు దాన్ని పట్టుకుని సూరారం పరుగెత్తింది. పరమేశ్ కంపెనీకి ఫోను చేసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"తొంబై రోజుల గ్యారంటీ అయిపోయిందంటున్నరు అక్కా. లాక్ ఒక్కటే ఇయ్యరంట. మల్ల మొత్తం సాఫ్ట్‌వేర్ కొనాల్నంట."

"నేను పైసలిచ్చి కొన్న గద తమ్మీ! గిదేం అన్యాలం?"

"నువ్వు కొనలేదంట. వాడుకోనీకి పర్మిషన్ తీస్కున్నవంట. లోపల పేపర్ల అట్ల రాసుంది."

ఇంటికెళ్లి ఆ కాగితం వెతికి తీసింది. చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. 'ఈ కవరు చించితే కింది షరతులన్నిటికీ ఒప్పుకున్నట్టే' అన్నది మొదటి మాట. తగాదా వస్తే బొంబాయి కోర్టులోనే తేల్చుకోవాలన్నది చివరి మాట. ఆ కాగితం ఉన్నదేమో ఆ కవరు లోపలే! ఊరందరికీ కాగితాలు చదివి పెట్టిన మనిషికి సిగ్గు, కోపం రెండూ కలిసి ముంచుకొచ్చాయి.

"గంత పెద్ద కంపెనీతోని మనకెందుకు? బొంబాయి పోతవా?" అన్నాడు ఆమె భర్త శాంసన్.

"బొంబాయి ఎందుకు పోత? పైసలిచ్చింది గీడ. గీడనే అడుగుత."

పాత టైపు మిషను దుమ్ము దులిపి, జిల్లా వినియోగదారుల ఫోరానికి తనే ఫిర్యాదు కొట్టుకుంది. వకీలును పెట్టుకోలేదు. ఏడాదిన్నరలో ఎనిమిదిసార్లు టిఫిను డబ్బా కట్టుకుని బస్సెక్కింది. అందులో మూడుసార్లు కంపెనీ వకీలు రానేలేదు.

ఆఖరి వాయిదాకు ముందు పరమేశ్ దగ్గరికి వెళ్లి, సీలు తీయని కొత్త డబ్బా ఒకటి అడిగింది. కంపెనీకి తెలిస్తే తన డీలర్‌షిప్ పోతుందని అతనికి తెలుసు. అయినా న్యూస్‌పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.

ఫోరంలో కంపెనీ వకీలు గట్టిగానే వాదించాడు. ఆమె కొన్నది వస్తువు కాదు, అనుమతి మాత్రమే. ఆమె వ్యాపారస్తురాలు, వినియోగదారు కాదు. షరతులకు ఒప్పుకునే కవరు చించింది కాబట్టి బొంబాయి కోర్టుకే వెళ్లాలి.

రాహేలు లేచి నిలబడింది.

"సార్, షాపుల ఉండేది నేనొక్కదాన్నే. నా చేతులతోని కొడితెనే మా ఇల్లు నడుస్తది. వస్తువు అమ్మలేదంటున్నరు, మరి బిల్లు మీద అమ్మకం పన్ను ఎందుకేసిన్రు?" అని బిల్లు చూపించింది. తర్వాత డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "గీ డబ్బ సీలు తియ్యకుండ, లోపలి కవరు చింపకుండ షరతులు వకీలు సార్‌ను సదివి ఇనిపియ్యమనుండ్రి. ముందుగాల సదివితె, నచ్చకపోతె వాపస్ ఇచ్చేదాన్ని."

వకీలు డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. ఫోరం అధ్యక్షుడు చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు.

"బొమ్మ ఉంది, ధర ఉంది. షరతులెక్కడండీ?"

"లోపల ఉన్నాయండి," అన్నాడు వకీలు.

నెల తర్వాత తీర్పు వచ్చింది. చదివే వీలే ఇవ్వని షరతు చూపి ఆమెను బొంబాయి రమ్మనడం చెల్లదనీ, కొత్త లాక్ ఉచితంగా ఇచ్చి దారి ఖర్చులు కట్టాలనీ. పని ఆగిపోయిన ఏడాదిన్నరకు మాత్రం ఏమీ రాలేదు. ఎంత నష్టపోయిందో చూపే కాగితం ఆమె దగ్గర లేదు. గెలిచానో ఓడానో తెలియక బస్సులో ఏడ్చింది.

లాక్ కొరియర్లో వచ్చిన వారంలోనే పరమేశ్ డీలర్‌షిప్ రద్దయింది. డబ్బా మీద, అది ఏ డీలరుకు వెళ్లిందో చెప్పే నంబరును వకీలు ఆరోజే రాసుకున్నాడట. రాహేలు వెళ్లేసరికి అతను బోర్డు దించుతున్నాడు.

"నా వల్లనే గద తమ్మీ."

"ఇచ్చింది నేనే గదా అక్కా. నువ్వేమన్న గుంజుకున్నవా?"

మరునాడు రాహేలు తన గదిలో సగం ఖాళీ చేయించి, అతని బల్ల వేయించింది. పరమేశ్ అక్కడ నాలుగేళ్లు కంప్యూటర్లు బాగుచేసి, తర్వాత గండిమైసమ్మ దగ్గర సొంత దుకాణం పెట్టుకున్నాడు. దాని ప్రారంభానికి శాంసన్, రాహేలు ఇద్దరూ వెళ్లారు. అందరికంటే ముందే వెళ్లి, అందరూ పోయేదాకా కూర్చున్నారు.