ఒప్పజెప్పిన కథ

2024 ఫిబ్రవరి 6, మంగళవారం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో రెండు సహాయక టీచరు ఉద్యోగాలకు పంతొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. ఇంటర్వ్యూకి పిలుపు అందుకున్నవారిలో ముగ్గురు తెలుగు స్త్రీలు. ఆ ఉదయం ముగ్గురూ ఒకే కారులో వచ్చారు. కారు నడిపింది రాగిణి.

రాగిణికి ముప్పై తొమ్మిదేళ్లు. ఒంగోలులో పెళ్లికి ముందూ, తర్వాతా కలిపి తొమ్మిదేళ్లు ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది. భర్త అవినాష్‌కు ఇక్కడ కార్ల పరిశ్రమలో ఇంజనీరు ఉద్యోగం. అతని వీసా మీద వచ్చిన ఆమెకు పని చేసే అనుమతి రావడానికి ఏళ్లు పట్టింది. మళ్లీ ఒక తరగతి గదిలో నిలబడాలన్నది ఆ ఏళ్లలో ఆమె వదులుకోని ఒకే ఒక్క కోరిక. ఈ ఉద్యోగం ఆ గదికి తలుపు.

అనుమతి రాకముందే ఆమె తనకొక చిన్న తరగతిని ఏర్పరచుకుంది. ప్రతి మంగళవారం ఊరి లైబ్రరీలో, కొత్తగా వచ్చిన తెలుగు గృహిణులకు ఉచితంగా ఇంగ్లీషు. 'లూజ్' వేరు, 'లాస్' వేరు. 'బారో' చేసేది మనం, 'లెండ్' చేసేది అవతలివాళ్లు. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో బాగాలేదని. 'బ్రేక్ ది ఐస్' అంటే కొత్తవాళ్ల మధ్య బెరుకు పోగొట్టడమని. ఆమె పద్ధతి మాత్రం ఒంగోలుదే. పాఠం చెప్పాలి, అందరూ కలిసి పలకాలి, ఒక్కొక్కరూ లేచి ఒప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా మొదటి నుంచి.

"ఐస్ బ్రేక్ చేసుడు గురించి మిషిగన్ల పాఠమెందుకక్కా? ఒక పార ఇయ్యి, చాలు" అని దియ నవ్వించేది. దియది కరీంనగర్, వచ్చి రెండేళ్లు. పక్కన కూర్చునే ప్రణవిది గుంటూరు వైపు; నవ్వు వచ్చినా పాఠం అయ్యేదాకా ఆపుకొనే మనిషి.

జనవరిలో ఈ ఉద్యోగాల ప్రకటన వచ్చింది. పోస్టులు రెండే అయినా ముగ్గురూ దరఖాస్తు చేశారు. 'మీరు ఎదుర్కొన్న ఒక కష్టమైన రోజు గురించి చెప్పండి' అన్న ప్రశ్న తప్పక వస్తుందని రాగిణికి తెలుసు. అందుకు నమూనాగా తన అనుభవాన్నే పాఠం చేసింది. కొడుకు విహాన్ కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు ఆమె బడిలో సాయానికి వెళ్లేది. ఒకరోజు ఒక పిల్లవాడు ఎర్ర గ్లవ్ ఒకటి పోయిందని బయటికి రానని మొండికేశాడు. ఆమె బూటు విప్పి తన ఊలు మేజోడు వాడి చేతికి తొడిగింది. వాడు నవ్వాడు. ఈ కథలో 'బ్రోక్ ది ఐస్', 'ఆన్ ది సేమ్ పేజ్', 'లాంగ్ స్టోరీ షార్ట్' లాంటి జాతీయాలన్నీ ఇమిడేలా వాక్యాలు కట్టి, మూడు మంగళవారాలు అందరిచేతా ఒప్పజెప్పించింది. నమూనా చూసి ఎవరి కథ వాళ్లు తయారు చేసుకుంటారని ఆమె అనుకుంది. ఆ మాట పైకి చెప్పిందా అంటే, చెప్పినట్టే గుర్తు అంటుంది రాగిణి. చెప్పలేదని దియ, ప్రణవి విడివిడిగా అన్నారు.

బడి వరండాలో మూడు కుర్చీలు. మొదట దియను పిలిచారు. బయటికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"గడగడా ఒప్పజెప్పిన అక్కా! ఒక్క మాట తప్పలే."

"ఏది ఒప్పజెప్పావు?"

"గ్లవ్ కథ. ఇంకేమున్నది నా దగ్గర?"

రాగిణి చటుక్కున ప్రణవి వైపు తిరిగింది. ప్రణవి అప్పటికే తలుపు దాటుతోంది. రాగిణి పిలవడానికి నోరు తెరిచిందిగానీ లోపల ప్రిన్సిపాల్ నిలబడి స్వాగతం చెబుతోంది. తలుపు మూసుకుంది.

"ఏమైందక్కా, గట్లయినవ్?"

రాగిణి చెవులు రిక్కించింది. గోడ అవతల ప్రణవి గొంతు వినబడుతోంది. మాటలు తెలియడం లేదు, ఎత్తుపల్లాలు తెలుస్తున్నాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో తను నేర్పిన చోటల్లా ఆ గొంతు ఆగింది, నవ్వింది. ప్రణవి బయటికి వచ్చి, దియలాగే బొటనవేలు పైకెత్తి చూపించింది.

రాగిణి వంతు వచ్చింది. లోపల ఇద్దరు. ప్రిన్సిపాల్ కెల్లర్, ఆమె పక్కన తెల్లజుట్టు కిండర్‌గార్టెన్ టీచర్. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

"మీరు ఎదుర్కొన్న ఒక కష్టమైన రోజు గురించి చెప్పండి" అంది కెల్లర్. వెంటనే చెయ్యి అడ్డంగా ఎత్తింది. "ఎర్ర గ్లవ్ కథ తప్ప."



"ఈ ఉదయం ఆ కథ రెండుసార్లు విన్నాం" అంది తెల్లజుట్టు టీచర్. "అవే మాటలు. అదే చోట నవ్వు. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికి ఉంటుంది."

"పరాయి అనుభవాన్ని తమదని చెప్పేవాళ్లకు పిల్లల్ని అప్పగించలేం" అంది కెల్లర్. "ఆ రెండు దరఖాస్తులూ పక్కన పెట్టాం. మీ సంగతి చెప్పండి."

చెప్పడానికి రాగిణి దగ్గర వేరే కథలు లేకపోలేదు. ఒంగోలు బడిలోవే ఎన్నో. ఏదో ఒకటి చెబితే పోటీలో ఇద్దరు తగ్గినట్టే. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. గోడ అవతల ఆ ఇద్దరూ తనకోసం ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్లాలి.

"ఆ కథ నాది" అంది.

ఇద్దరూ తలెత్తారు.

"ఈ ఊళ్లోనే జరిగింది. వాళ్లకు నేర్పింది నేను. మా బళ్లలో టీచరు చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పగలిగితేనే పాఠం వచ్చినట్టు. ఒక్క మాట మార్చినా నేను ఒప్పుకోలేదు. వాళ్లు మిమ్మల్ని మోసం చేయాలనుకోలేదు, నా పాఠం నాకు ఒప్పజెప్పారు. నేను నేర్పని ప్రశ్న ఒకటి అడిగి చూడండి."

కెల్లర్ కలం కింద పెట్టింది. "వాళ్లను వెనకేసుకొస్తే మీ గురించి మేమేం అనుకోవాలి?"

ఆ ప్రశ్నకు రాగిణి ఏ జాతీయమూ సిద్ధం చేసుకోలేదు. "అది మీ ఇష్టం" అని మాత్రం అనగలిగింది.

కారులో జరిగింది చెప్పేసరికి దియ నవ్వు ఆగిపోయింది. 

"అంటే మమ్మల్ని దొంగల్ని చేశారన్నమాట" అంది ప్రణవి.

"నేను చేయలేదు ప్రణవీ. నేను వెళ్లేసరికే..."

"మీరు చెప్పినట్టే చెప్పాం కదా! 'ది' ఒక్కటి వదిలేస్తే మూడుసార్లు మొదటి నుంచి చెప్పించలేదా? అప్పుడెందుకు అనలేదు, ఇది నాది, మీది మీరు వెతుక్కోండని?"

రాగిణి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. "అనాల్సింది."

వెనక సీట్లోంచి దియ అడిగింది. "మరి నీ నౌకరి ఏమైతదక్కా?"

"తెలీదు."

శుక్రవారం బడి నుంచి దియకూ ప్రణవికీ మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి రాగిణి కారు తీయలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. వాళ్లే వెళ్లి వాళ్లే వచ్చారు; అక్కడ ఏమడిగారో, ఏం చెప్పారో ఆమెకు తెలియదు.

తర్వాతి వారం సోమవారం కెల్లర్ ఫోన్ చేసింది. ఒక ఉద్యోగం ప్రణవికి, మరొకటి ఊరివాళ్లలోనే ఒకరికి. నిజం చెప్పినందుకు రాగిణికి కృతజ్ఞతలు చెప్పింది. అయితే పిల్లలు సొంత మాట వెతుక్కోవడమే తమ బడి కోరేదనీ, ఆమె నేర్పే తీరు అందుకు సరిపడుతుందన్న నమ్మకం కుదరలేదనీ అంది. సరేనంది రాగిణి. ఫోన్ పెట్టేశాక వంటగదిలో చాలాసేపు ఊరికే నిలబడిందట. ఆ సంగతి అవినాష్ చెప్పాడు.

మంగళవారం యథాప్రకారం లైబ్రరీ గది తెరిచింది. ప్రణవి రాదనుకుంది. ప్రణవి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

"ఇవాళ ఒప్పజెప్పడం లేదు" అంది రాగిణి. "కష్టమైన రోజు గురించి ఎవరిది వాళ్లు చెప్పండి."

 దియ గొంతు సవరించుకుంది.

"నువ్వే షురూ చెయ్యక్కా. ఈసారి గ్లవ్ కథ తప్ప."

రాగిణి లేచింది. పోయిన మంగళవారం సంగతి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. కట్టి పెట్టుకున్న వాక్యాలు లేకపోవడంతో మాట తడబడింది. ఉద్యోగం చేజారిందని చెప్పే చోట 'లాస్ట్' అనాల్సింది 'లూజ్' అంది.

"తప్పండీ" అంది ప్రణవి, నవ్వు ఆపుకుంటూ. "మొదటి నుంచి."

రాగిణి మొదటి నుంచి చెప్పింది.