పోలేరమ్మ పాట, చెన్నాంబ పేరు

యల్లమంద గురజాల తాలూకా ఆఫీసులో గుమస్తా. పగలంతా పొలాల లెక్కలుండే అడంగళ్ళకు నకళ్ళు రాసేవాడు, ఇంటికొచ్చాక నవలలు రాసేవాడు. రెండు నవలలు అచ్చయ్యాయి. వాటిని చదివింది ఆఫీసులోవాళ్ళే, అదీ మొహమాటానికి.

1981లో అతనూ భార్య ప్రేమమ్మా ఊరి చివర ఒక వీధిలో అద్దెకు దిగారు. ఎదురింట్లో పోలేరమ్మ ఉండేది. నాపరాళ్ళ క్వారీలో పలకలు మోసే పని. ఆమె మొగుడు శివయ్య ఆ క్వారీలోనే రాయి విరిగి మీద పడి పోయాడు. ఏడేళ్ళ కూతురు నిర్మలను పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది. చదువు రాదు గానీ, నోరు తెరిస్తే పాటే. బియ్యం ఏరుతున్నా, గుడ్డలు ఉతుకుతున్నా ఏదో ఒకటి కట్టి పాడుకునేది.

పలక పలక నాపరాయి
పగలగొడితే రెండు పలకలు
పలకరించే తోడు లేక
పగిలిపోతే నేనెన్ని పలకలు?

ఆ పాట విన్నరోజు ప్రేమమ్మ చేతిలో పని వదిలేసి వీధిలోకి వచ్చింది. "ఎవరు నేర్పారే నీకిది?" అని అడిగింది.

"ఎవరు నేర్పుతారొదినా? మీ అన్న పోయిన పదకొండో రోజున క్వారీ కాడికి పోయి కూకుంటే నోటికొచ్చింది."

యల్లమంద ఆమె పాటలు ఇరవై రెండు రాసుకున్నాడు. చాటుగా కాదు, అడిగే రాసుకున్నాడు. "రాసుకో అన్నా. నా కాడుంటే గాలికి పోయేయేగా" అంది పోలేరమ్మ. ఒక్కో పాటా రెండు మూడుసార్లు పాడి వినిపించింది కూడా.

ఆ పాటల్లోంచే అతని మూడో నవల పుట్టింది. మూడు వందల ఏళ్ళ కిందట పల్నాట చెన్నాంబ అనే రాళ్ళు కొట్టే మనిషి ఉండేదనీ, మొగుడు పోయాక కవిత్వం చెప్పిందనీ కథ అల్లాడు. పాటల్లో అక్కడక్కడా పాతకాలం మాటలు అతికించాడు. నిజంలా ఉండాలని, ఈ పాటలు ఒక పాతింటి అటక మీద తాళపత్రాల్లో దొరికాయని ముందుమాటలో రాశాడు. పోలేరమ్మ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. రాస్తే తాళపత్రాల మాట తేలిపోతుందని ఊరుకున్నాడు.

నవల అచ్చయిన ఆరు నెలలకు నరసరావుపేట నుంచి సాంబశివరావు అనే తెలుగు లెక్చరరు బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సాహిత్య చరిత్ర రాస్తున్నాడట.

"యల్లమంద గారూ, ఎంత పని చేశారండీ! ఆ తాళపత్రాలు ఒక్కసారి కళ్ళతో చూడాలి" అన్నాడు.

లేవని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ అంత చదువుకున్న మనిషి తన ఇంటికొచ్చి, తన చాప మీద కూర్చుని, తనను గారూ అని పిలవడం యల్లమందకు అదే మొదలు. "చెదలు తినేశాయండీ. నకలే మిగిలింది" అన్నాడు. లోపల వంటింట్లో ప్రేమమ్మ చేతిలోని గరిటె ఆగింది.

1985లో వచ్చిన సాంబశివరావు పుస్తకంలో చెన్నాంబకు నాలుగు పేజీలు దక్కాయి. ఆమెను వెలికితీసినవాడిగా యల్లమంద పేరు పడింది. సత్తెనపల్లిలో శాలువా కప్పారు. మరుసటి ఏడు గురజాలలోనే సభ పెట్టారు. పాటలంటే చెవి కోసుకునే పోలేరమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుంది. సాంబశివరావు పుస్తకం తెరిచి 'పలక పలక నాపరాయి' అని అందుకున్నాడు. రెండో చరణం కాకముందే ఆమె లేచి నిలబడింది.

"అయ్యా, అది నా పాట."

సభ గొల్లున నవ్వింది. సాంబశివరావు మాత్రం నవ్వలేదు. సంబరంగా అందరి వంకా చూశాడు. "చూశారా! మూడు వందల ఏళ్ళయినా జనం నోట్లో బతికే ఉంది. అమ్మా, నీకు మీ అమ్మమ్మ నేర్పిందా?"

"ఎవరూ నేర్పలా. నేనే కట్టా. మా ఆయన పోయినప్పుడు కట్టా. అదిగో, ఆ అన్నకు తెలుసు" అని వేదిక మీదికి చెయ్యి చూపించింది.

అందరూ యల్లమంద వైపు తిరిగారు. అతని ఒళ్ళో పూలదండ ఉంది. లేచి నిజం చెబితే సాంబశివరావు పుస్తకం, సత్తెనపల్లి శాలువా, గారూ అన్న పిలుపు అన్నీ ఒక్కసారే పోతాయి. గొంతు సవరించుకున్నాడు.

"జానపదుల్లో ఇది మామూలేనండీ. పాడీ పాడీ తమదే అనుకుంటారు."

పోలేరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి పాట వినపడలేదు. నెల తిరక్కుండా దాచేపల్లి వైపు క్వారీకి మారిపోయింది. "ఏం మనిషివయ్యా నువ్వు" అని ఒక్కసారే అంది ప్రేమమ్మ. ఆ ఒక్కమాటతో అతనికి అన్నం సయించడం మానేసింది.

చివరికి సాంబశివరావుకు ఉత్తరం రాశాడు. చెన్నాంబ లేదు, తాళపత్రాలు లేవు, పాటలు పోలేరమ్మవి అని విడమరిచి రాశాడు. 'మీ వినయం గొప్పది. కానీ అంతటి కవిత్వం క్వారీ కూలీ కట్టిందంటే నమ్మమంటారా?' అని జవాబొచ్చింది. నమ్మించడానికి యల్లమంద దగ్గర ఏ కాగితమూ లేదు. జరిగింది జరిగినట్టు రాసి ఒక వారపత్రికకు పంపాడు. రెండు నెలలకు అచ్చయింది. పైన బొమ్మ వేసి, 'కథ' అని శీర్షిక పెట్టారు. కల్పన అద్భుతంగా ఉందని పాఠకుల ఉత్తరాలు కూడా వచ్చాయి.

1988 వేసవిలో ఆ పత్రిక పట్టుకుని దాచేపల్లి వెళ్ళాడు. పోలేరమ్మ పలకల దొంతర పక్కన అన్నం తింటోంది. జుట్టు సగం నెరిసింది. నిర్మల పక్కనే కూర్చుని పత్రిక మొత్తం చదివి వినిపించింది. పోలేరమ్మ ముద్ద ముద్దకూ ఆగుతూ వింది.

"సభలో నువ్వు లేచి చెప్పినట్టు రాశావా, చెప్పనట్టు రాశావా?" అని అడిగింది.

"చెప్పనట్టే రాశా."

"పోన్లే. అదన్నా నిజం రాశావు."

"ఇంకోసారి సభ పెట్టిస్తానమ్మా. నువ్వొచ్చి పాడు. ఈసారి నేనే లేచి చెబుతా."

ఆమె చెయ్యి కడుక్కుని తలగుడ్డ చుట్టుకుంది. "ఏం పాడేది అన్నా? అన్నేళ్ళ కిందటామెదని అందరూ అన్నాక, నాక్కూడా అనుమానమొచ్చింది. ఎక్కడన్నా ఇని ఉంటానేమో అని. ఇంక నోటికి రావట్లా."

మేస్త్రీ కేకేశాడు. పోలేరమ్మ పలక నెత్తికెత్తుకుని లారీ వైపు నడిచింది. నిర్మల పత్రికను మడిచి అతని చేతికిచ్చి, తల్లి వెనకే వెళ్ళింది.