డబ్బా లేని పడవ నుంచి వచ్చిన నాలుగు లైన్లు

దెయ్యాలున్నాయని నేను ఏ వయసులోనూ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది దెయ్యం కథ అని కూడా అనను. ఏ పేరు పెట్టాలో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రుషికొండలో ఒక కంపెనీలో పదహారేళ్లుగా సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో కనిపెట్టి రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టులో చివరి గడి పేరు 'మూల కారణం'. దాన్ని ఖాళీగా వదిలిన రోజు నా సర్వీసులో లేదు. "ఈ సర్వర్‌కి దెయ్యం పట్టింది సార్" అని జూనియర్లు అన్న ప్రతిసారీ వెళ్లి చూస్తే వదులైన వైరో, ఎవరో మార్చి చెప్పకుండా ఊరుకున్న సెట్టింగో దొరికేది. దొరికాక వాళ్లని కాసేపు ఏడిపించి పంపేవాణ్ణి.

సీతమ్మధారలోని మా ఫ్లాట్లో కూడా ఒక సర్వర్ ఉంది. ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటరే. హాల్లో అటక కింద గూట్లో పెట్టాను. దాని లోపల మూడు వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. తెలియనివాళ్లకి ఒక్క మాటలో చెప్తాను. ఒకే ఇంటిని మూడు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే కంప్యూటర్ లోపల మూడు వేరు వేరు కంప్యూటర్లు ఉంటాయి. ఒకదాంట్లో మా ఫోటోలు, ఒకదాంట్లో మా ఆవిడ సుజాత చెప్పే లెక్కల ట్యూషన్ వీడియోలు. మూడోదాని పేరు గంగమ్మ.

గంగమ్మ మా అప్పన్న బావ పడవ పేరు. బావంటే మా అక్క భర్త. మాది సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. నేనొక్కణ్ణే చదువు పేరు చెప్పి ఏసీ గదిలోకి తప్పించుకున్నాను. బావ ఇప్పటికీ పెదజాలరిపేట నుంచి ఫైబర్ పడవలో ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వేటకి వెళ్తాడు. రెండేళ్ల క్రితం ఆ పడవకి నేనే ఒక చిన్న డబ్బా తయారు చేసిచ్చాను. సిమ్ కార్డు పెట్టిన ట్రాకర్ అది. సిగ్నల్ అందినంత దూరం అయిదు నిమిషాలకోసారి పడవ ఎక్కడుందో, డబ్బాలో బ్యాటరీ ఎంతుందో మా ఇంటి సర్వర్‌కి పంపుతుంది. గంగమ్మ అనే మెషీన్ ఆ వివరాన్ని ఒక లైనుగా రాసుకుని మ్యాపు మీద చుక్క పెడుతుంది. అక్క తన ఫోన్లో ఆ చుక్క చూసుకుంటుంది. చుక్క ఒడ్డు వైపు తిరిగాకే పొయ్యి మీద అన్నం పెడుతుంది. నా ఉద్యోగం మొత్తంలో నాకు గర్వంగా అనిపించే పని అదొక్కటే.

మొన్న దసరా అయ్యాక సర్వర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఫోటోలు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టేవి. సుజాత వీడియోలు మధ్యలో ఆగిపోయేవి. అక్కయితే రోజూ ఫోనే.

"ఏట్రా తమ్ముడూ, సుక్క ఒడ్డు కాడే నిలబడిపోనాది. మీ బావ నడిసంద్రంలో ఉంటే సుక్క ఇంటికాడుంటాది."

వారం రోజులు రేపు చూస్తానంటూ గడిపేశాను. ఆఖరికి ఒక ఆదివారం కూర్చున్నాను.

మెషీన్లు నెమ్మదిగా నడవడానికి కారణం గంటలో దొరికింది. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కుతోంది. వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. పెట్టె మూత తీసి చూస్తే ఫ్యాను రెక్కల నిండా పసుపు, కుంకుమ. రేకుల సందుల్లో అక్షింతలు. ఆయుధ పూజ రోజున సుజాత సర్వర్‌కి కూడా శ్రద్ధగా బొట్లు పెట్టి, గాలి లోపలికి పీల్చుకునే జల్లెడ మీదే అక్షింతలు వేసింది. అడిగితే, మన ఇంట్లో అన్నం పెట్టే ఆయుధం అదే కదా అంది. పాత పెయింటు బ్రష్షుతో అంతా దులిపి మూత వేశాను. వేడి దిగింది, వేగం వచ్చింది.

కానీ నెట్‌వర్క్ సమస్య తీరలేదు. పరీక్షకి నేను పంపే డేటా కూడా గంగమ్మకి చేరకుండా సగం దారిలోనే పోతోంది. సోమవారం ఇంటి నుంచే పని పెట్టుకుని మళ్లీ తవ్వాను. ఈసారి తప్పు నాదే. దసరా సెలవుల్లో సుజాత వీడియోల కోసం కొత్త మెషీన్ కావాలంటే, బద్ధకించి గంగమ్మనే కాపీ కొట్టి పేరు మార్చాను. నెట్‌వర్క్ అడ్రసు మార్చలేదు. ఒకే ఇంటి నంబరు రెండిళ్లకి ఉంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? రౌటర్ కూడా అదే చేస్తోంది. జూనియర్లు ఈ పని చేస్తే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

అడ్రసు మార్చాలంటే ముందు గంగమ్మకి నెట్‌వర్క్ తీసేయాలి. పది గంటల అయిదు నిమిషాలకి సెట్టింగుల్లోకి వెళ్లి ఆ వైరు పీకేశాను. నిజం వైరు కాదు, తెరమీద ఒక టిక్కు. కానీ ఫలితం ఒకటే. అది తీశాక బయటి నుంచి ఒక్క అక్షరం కూడా ఆ మెషీన్‌లోకి వచ్చే దారి లేదు. ఇంతలో ఆఫీసు మీటింగ్ మొదలైంది. గంగమ్మని అలాగే వదిలేసి అందులో కూర్చున్నాను.

పదకొండు దాటి నాలుగైదు నిమిషాలకి అక్క ఫోన్ చేసింది. గొంతులో తేడా వెంటనే తెలిసింది.

"ఒరే, మీ బావ ఇంకా రానేదురా. తొమ్మిదికల్లా వచ్చేత్తాడు. అందరి పడవలూ వచ్చేసినాయి. గాలి సూత్తే అలగుంది. ఫోన్లు కలవటం నేదు. సుక్క సూద్దామంటే పేజీయే తెరుసుకోటం నేదు."

మా ఇళ్లల్లో గాలి లేచిన రోజు పడవ రెండు గంటలు ఆలస్యమైతే దాని అర్థం అందరికీ తెలుసు. పేజీ రాకపోవడానికి కారణం నేను పీకిన వైరని నాకు తెలుసు. సర్వర్‌కి తగిలించిన స్క్రీన్ ముందుకి పరుగెత్తి నేరుగా గంగమ్మ లోపలికి వెళ్లాను.

మ్యాపు మీద చుక్క ఉంది. ఎనిమిది రోజులుగా జాలరిపేట ఒడ్డున కదలకుండా ఉన్న చుక్క యారాడ కొండ దాటి, గంగవరానికి ఎదురుగా సముద్రంలో ఉంది. చివరి లైను టైము పదకొండు గంటల రెండు నిమిషాలు. నా రిపేరు పనిచేసిందని ఆ కంగారులో కూడా నా భుజం నేనే తట్టుకున్నాను. వైరు పీకి ఉందన్న విషయం ఆ క్షణంలో నాకు తట్టలేదు.

బావ స్నేహితుడు సింహాద్రి అప్పటికే ఇంకో పడవ తీయడానికి ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. పొద్దున్న బావ భీమిలి వైపు వెళ్తానన్నాడని వాళ్లు ఉత్తరానికి బయల్దేరబోతున్నారు. నేను ఫోన్లో అక్షాంశం, రేఖాంశం చదవబోయాను.

"అంకెలు నాకెందుకు బావా, ఏ కొండ కాడున్నాడో సెప్పు," అన్నాడు.

మా వాళ్లు సముద్రం మీద చోటుని అలాగే గుర్తుపడతారు. ఒడ్డున ఏ కొండ ఏ గుర్తుకి సూటిగా వస్తుందో చూసి, అలాంటి రెండు గీతలు కలిసే చోట తమ పడవ ఉందని లెక్క కడతారు. నేను మ్యాపు మీద స్కేలు పెట్టి చూశాను. స్టీల్ ప్లాంటు పొగ గొట్టాలు గంగవరం కొండకి ఆనుకుని కనపడే చోటు, లైట్ హౌసు యారాడ కొండకి కాస్త వెనకపడే చోటు అని చెప్పాను. సింహాద్రి తెలిసిందన్నాడు. మెరైన్ పోలీసులకి కూడా అదే చోటు చెప్పాం.

ఒంటిగంట కాకముందే దొరికారు, సరిగ్గా అక్కడే. మోటారు చెడిపోయి, లంగరు తాడు తెగి, ఈశాన్యపు గాలికి దక్షిణంగా కొట్టుకుపోయారు. ముగ్గురూ క్షేమం. సింహాద్రి పడవకి కట్టి లాక్కొచ్చేసరికి మూడయింది. అక్క ఒడ్డునే బావని నోటికొచ్చినట్టు తిట్టింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోను.

సాయంత్రం అక్క వాళ్లింట్లో అందరం కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నాం. అంత రుచిగా అన్నం ఎప్పుడు తిన్నానో గుర్తులేదు. చేయి కడుక్కుంటూ, డబ్బా ఒకసారి ఇస్తే బ్యాటరీ చూస్తానని బావతో అన్నాను.

బావ తల గోక్కున్నాడు. "డబ్బా ఏటి బావా, అది పడవలో నేదు కదా. దసరాకి పూజలో ఎట్టినాను. మళ్లీ తియ్యడం మరిసిపోనాను."

వల కుట్టే సూది, కత్తి, గాలాల పెట్టెతో పాటు దాన్ని కూడా పీట మీద పెట్టి పసుపు గుడ్డ కప్పాడట. మర్నాడు మిగతావన్నీ తీసుకుని డబ్బా వదిలేశాడు. వెళ్లి చూస్తే గంగమ్మ తల్లి పటం వెనకాల, ఎండిపోయిన బంతిపూల కింద ఉంది. పూర్తిగా ఆరిపోయి ఉంది. ఛార్జరు పెడితే అరగంటకి గాని దీపం వెలగలేదు.

అక్క నడుం మీద చేయి పెట్టుకుంది. "అయితే ఎనిమిది రోజుల్నించి నాను సూసింది మన పూజ గూడునా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పది అయిదుకి వైరు పీకిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి లాగ్, అంటే గంగమ్మ రాసుకున్న లైన్ల పట్టిక తీశాను. వైరు పీకాక నాలుగు లైన్లు ఉన్నాయి. పది పద్దెనిమిది, పది ముప్పై ఒకటి, పది యాభై, పదకొండు రెండు. ఆ తర్వాత ఏమీ లేదు. డబ్బా అయితే కచ్చితంగా అయిదు నిమిషాలకోసారి పంపుతుంది. వీటికి ఆ లెక్క లేదు. ప్రతి లైనులోనూ బ్యాటరీ శాతం ఉండాలి. ఈ నాలుగింట్లో ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ గంటలో గంగమ్మలోకి వచ్చిన డేటా ఎంత అని చూస్తే సున్నా. సిమ్ వాడకం చూస్తే దసరా అయిన మూడో రోజు నుంచి సున్నా. పాత వేటల రికార్డు కలిసిపోయిందేమోనని రెండేళ్ల లైన్లన్నీ వెతికాను. పడవ అంతకుముందు ఆ ఛాయలకే వెళ్లలేదు. ఆఫీసులో నాకంటే తెలివైన స్నేహితుడికి చూపిస్తే, టెస్టింగ్‌లో నువ్వే రాసి మర్చిపోయుంటావన్నాడు. నేను ఆ గంటసేపూ మీటింగ్‌లో మాట్లాడుతూ ఉన్నాను. దానికి రికార్డింగ్ ఉంది.

మళ్లీ ఆదివారం బావ మా ఇంటికి వచ్చాడు. లాగ్ సంగతి నేను ఇంట్లో సుజాతకి కూడా చెప్పలేదు. మోటారు ఆగాక ఏం చేశారని మాత్రం ఊరికే అడిగాను. బావ టీ తాగుతూ తాపీగా చెప్పాడు.

"ఏటి సేత్తాం బావా. ఎటు పోతన్నామో తెలియాలి కదా. కొండలు సూసుకున్నాను. నాతో ఉన్న ఆ ఇద్దరు పిల్లలికి దైర్నంగా ఉంటాదని ఎక్కడున్నామో పైకి గట్టిగా సెప్పాను. అలగ నాలుగు సార్లు సూసుకున్నాను. నాలుగోసారికి సంద్రం అడుగు అందుతాదనిపించింది. వల రాళ్లన్నీ ఒక్కసోట కట్టి దించేసినాం. పడవ నిలబడిపోనాది. ఇంక సూడక్కర్నేకపోయింది."

నేను సుజాత వైపు చూడకుండా టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు అన్నీ సరిగ్గా నడుస్తున్నాయి. గంగమ్మకి కొత్త అడ్రసు ఇచ్చాను. డబ్బా పడవలో ఉంది, దానికి రెండో బ్యాటరీ కూడా పెట్టాను. చుక్క ఒడ్డు వైపు తిరిగితే అక్క అన్నం పెడుతోంది. వచ్చే దసరాకి సర్వర్‌కి బొట్టు పక్క రేకు మీద పెడదామని సుజాతా నేనూ ఒప్పందానికి వచ్చాం. పూజ పళ్లెం నేనే పట్టుకుంటానని చెప్పాను.

అలవాటు కొద్దీ ఇంటి సర్వర్‌కి కూడా రిపోర్టు రాసుకున్నాను. మెషీన్లు నెమ్మదించడం, మూల కారణం కుంకుమ. డేటా పోవడం, మూల కారణం నేను. చుక్క కదలకపోవడం, మూల కారణం బావ మతిమరుపు. నాలుగో వరసలో ఆ నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. దాని పక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది.