ఘటం కుట్టిన ఒర

ఆ వీధిలో అందరూ ఆమెను ఘటం అంటారు. చిన్నప్పుడు మొండిఘటం అనేవాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ‘మొండి’ అరిగిపోయి ఘటం మిగిలింది. వెనకాల అనేవాళ్ళు కొందరు, మొహం మీదే అనేవాళ్ళు కొందరు. ఆమెకు రెండో రకం వాళ్ళే ఇష్టం.

ఆమె పని వేటకత్తులకు తోలు ఒరలు కుట్టడం. వంటింటి కత్తులకూ, జేబులో మడిచిపెట్టుకునే చాకులకూ కాదు. జానెడుకు తగ్గకుండా పొడవుండి, వీపు మందంగా, అంచు చూస్తేనే ఒళ్ళు జలదరించే కత్తులకు. పొలాలు తవ్విపోసే అడవిపందులను వేటాడటానికి అనుమతి ఉన్న క్లబ్బు ఒకటి ఊరి చివర ఉంది. అందులోవాళ్ళు కత్తి ఎక్కడ కొనుక్కున్నా ఒరకు మాత్రం ఘటం దగ్గరకే రావాలి. రావడమంటే ఊరికే వచ్చి చెప్పి పోవడం కాదు. కొలతలు కాగితం మీద రాసుకొస్తే ఆ కాగితంతో బల్ల మీది మైనం తుడుస్తుంది. కత్తి తెచ్చి మూడు రోజులు ఆమె దగ్గర వదలాలి. ఏ చేత్తో దూస్తారో చూపించాలి. నిలబడాలి, కుర్చీలో కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి. ఓసారి క్లబ్బు సెక్రటరీ గొంతుక్కూర్చుని మళ్ళీ లేవలేక గోడ పట్టుకున్నాడు. “కత్తి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పొట్టకు ఒర కుట్టించుకోండి” అంది ఘటం. ఆ మాట క్లబ్బులో ఏడాదిపాటు తిరిగింది. సెక్రటరీ ఏడాదిపాటు మొహం మాడ్చుకున్నాడు, ఒర మాత్రం ఇంకో చోట కుట్టించుకోలేదు.

కొట్టు తండ్రిది. ముందు గదిలో తమ్ముడు కూర్చుంటాడు, బెల్టులూ చేతిసంచులూ అమ్ముతాడు. వెనక గదిలో కిటికీ దగ్గర ఒక పొట్టి బల్ల, దాని ముందు పీట, గోడకు చుట్టలు చుట్టిన తోలు, డబ్బాలో తోలుకు తూట్లు పొడిచే ఆరెలు, మైనం పట్టించిన దారం. ఆ పీట మీద ఘటం నలభై ఏళ్ళుగా కూర్చుంటోంది. పెళ్ళయ్యాక ఏడాది మానేసింది. ఆ ఏడాది తర్వాత మొగుడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, “బావమరిదీ, మీ అక్కను ఈ పీట మీద కూర్చోబెట్టు, నా ప్రాణం తీస్తోంది” అని చెప్పి వెళ్ళాడట. ఆయన పోయి ఆరేళ్ళయింది. పీట మాత్రం ఉంది.

తమ్ముడు చెడ్డవాడు కాదు. కాకపోతే మంచిగా బతకడమంటే ఎవరితోనూ పేచీ లేకుండా బతకడమని అతని లెక్క. రెండేళ్ళుగా ఆ కిటికీ దగ్గర కుట్టుమిషను పెట్టాలని అతని కోరిక. “అక్కా, నువ్వు ఒకటి కుట్టేలోపు అది ఇరవై కుడుతుంది” అంటాడు. “కుడుతుంది, ఇరవైమంది తొడలు కోస్తుంది కూడా” అంటుంది ఆమె. మాట అక్కడితో ఆగేది. ఘటం చేతిలో పని ఉన్నంతకాలం ఆ కిటికీ ఆమెదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కుడికన్నులో పొర వస్తున్న సంగతి మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు. ఎనిమిది నెలల కిందట మొదలైంది. మొదట దీపం చుట్టూ మబ్బు. తర్వాత నల్ల తోలు మీద నల్ల దారం కనబడటం మానేసింది. ఘటం తెల్ల దారం వాడటం మొదలుపెట్టింది. “ఇదేంటక్కా కొత్త ఫ్యాషను?” అని తమ్ముడు అడిగితే, “నీకెందుకురా, నువ్వు బెల్టులమ్ముకో” అంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పీట పోతుంది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు, ఆమెకు అంతకంటే పెద్దదేమీ లేదు కూడా.

ఒక సోమవారం పొద్దున సెక్రటరీ, ఇంకో ఇద్దరు సభ్యులు కొట్టుకు వచ్చారు. ఒక సంచిలోంచి ఒర తీసి తమ్ముడి ముందు పడేశారు. ఎప్పుడూ పాత జీపులో తిరిగే ముసలాయన, అందరూ జీపాయన అంటారు, ఆదివారం బండి దిగుతూ జారిపడ్డాడు. ఒరలో ఉండాల్సిన కత్తి ఒర పక్కనుంచి బయటకొచ్చి తొడలో దిగింది. పదకొండు కుట్లు పడ్డాయి. ఇంకాస్త లోపలికి వెళ్ళి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

తమ్ముడు ఒరను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బెల్టు దూర్చే చోట రాపిడికి కొట్టు ముద్ర అరిగిపోయి ఉంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

“ఇది మాది కాదండీ” అన్నాడు. “మా ముద్ర లేదు చూడండి. ఎవరో మా పనిని చూసి దొంగతనంగా కుట్టి ఉంటారు.”

వెనక గదిలో ఘటం అంతా విన్నది. లేచి వచ్చింది. ఒర చేతిలోకి తీసుకుంది. కళ్ళతో చూడలేదు, బొటనవేలు కుట్టు మీద పై నుంచి కిందికి నడిపింది. మొన దగ్గర వేలు ఆగింది.

“నాదే” అంది.

“అక్కా, నువ్వాగు.”

“నేనెందుకాగాలి? నా కుట్టు నాకు తెలీదా? ఇది నేను కుట్టిన ఒర. ఇవతలికి తే, ఆ చాకు.”

ముగ్గురూ చూస్తుండగానే ఒర పక్క కుట్టంతా కోసేసింది. వేటకత్తి ఒర అంటే రెండు తోలు ముక్కలే కాదు, వాటి మధ్య అంచు పొడుగునా ఇంకో మందపాటి పట్టీ ఉంటుంది. కత్తి అంచు ఆ పట్టీకి తగలాలి కానీ దారానికి తగలకూడదు. దారం పట్టీలోంచే వెళ్ళాలి. ఈ ఒరలో పట్టీ ఉంది, మంచి పట్టీయే. కానీ మొన దగ్గర ఒర వంపు తిరిగే చోట ఐదు కుట్లు పట్టీ దాటి లోపలికి వచ్చేశాయి. పైనుంచి చూస్తే వరస చక్కగా ఉంది, వెనకవైపు ఆరె పక్కకు పోయింది. కత్తి లోపలికి పెట్టినప్పుడల్లా ఒక్కో దారం తెగుతూ వచ్చింది. ఐదూ తెగాక అక్కడ ఒర నోరు తెరిచింది.

ఇలాంటిది పట్టుకోవడానికి తండ్రి దగ్గర ఒక పద్ధతి ఉండేది. కుట్టడమయ్యాక సన్నటి ఎముక బద్దను ఒర లోపల అంచు వెంబడి మొన దాకా నెట్టేవాడు. దారం ఎక్కడైనా లోపలికి వచ్చి ఉంటే బద్ద టక్కుమని ఆగేది. అలా ఆగితే మళ్ళీ మొదటినుంచి కుట్టాలి. ఘటం పాతికేళ్ళ వయసులోనే ఆ బద్దను పక్కన పడేసింది. కళ్ళుండగా ఎముకెందుకని. ముప్ఫై ఏళ్ళపాటు ఆ మాట నిజంగానే ఉంది.

“ఏమైందమ్మా?” అన్నాడు సెక్రటరీ.

తమ్ముడు కళ్ళతోనే బతిమాలాడు. తోలు చెడ్డదని చెప్పొచ్చు. దారం కంపెనీ మీదికి తోసెయ్యొచ్చు. జీపాయనే కత్తికి ఎక్కువ సాన పట్టించుకున్నాడనొచ్చు. సెక్రటరీకి వీటిలో ఏదైనా చాలు.

“ఏమీ కాలేదు, నా కన్ను పోయింది” అంది ఘటం కుండ బద్దలు కొట్టినట్టు. “కుడికన్నులో శుక్లం. ఎనిమిది నెలల్నుంచి. నాకు తెలిసే కుట్టాను. తప్పు తోలుది కాదు, దారానిది కాదు, నాది. రాసుకోండి, ఎక్కడ కావాలంటే అక్కడ చెప్పుకోండి.”

తిట్టడానికి వచ్చినవాళ్ళకు తిట్టడానికి ఏమీ మిగల్చకపోతే ఎలా ఉంటుందో అలా నిలబడ్డారు. కాసేపటికి వెళ్ళిపోయారు.

తమ్ముడు తలుపు మూసి కూర్చుండిపోయాడు. “పరువు బజారున పడేశావు కదక్కా. నాన్న పెట్టిన కొట్టు.”

“నాన్న పెట్టిన కొట్టులో నువ్వు అబద్ధం పెట్టబోయావు. అది నయమా?”

“రేపట్నుంచి నువ్వు కుట్టొద్దు.”

“కుట్టను. కన్ను బాగయ్యేదాకా కుట్టను. అది నువ్వు చెబితే కాదు, నేను చెబుతున్నాను. ఆ పీట మీద మాత్రం చెయ్యి పెట్టావో, ఊరుకోను.”

మర్నాడు వచ్చేసరికి బల్ల మీద బెల్టు పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఘటం ఒక్కొక్కటీ దించి ముందు గదిలో తమ్ముడి కాళ్ళ దగ్గర పెట్టింది. పద్నాలుగు పెట్టెలు. ఆ మధ్యాహ్నమే కంటి ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషనుకు తారీఖు రాయించుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని డాక్టరమ్మ అడిగితే, “పొగరు” అని చెప్పింది.

తర్వాత ఊరి మీద పడింది. ఎనిమిది నెలల్లో పదకొండు ఒరలు కుట్టింది. ఎక్కడా రాసుకోలేదు, కత్తిని తలచుకుంటే చాలు మనిషి గుర్తొస్తాడు. జీపాయనది పోగా పది. ఒక్కో ఇంటి తలుపూ తట్టింది. “మీ ఒర ఇలా ఇవ్వండి, కోసి చూడాలి” అంది. కొందరు వెంటనే ఇచ్చారు. ఒకాయన నవ్వి, “నాది బానే ఉందమ్మా, వెళ్ళిరా” అన్నాడు. ఆయన వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. అరగంట కూర్చుంది. ఆయన భార్య లోపల్నుంచి, “ఇచ్చెయ్యండి బాబూ, ఆవిడ సంగతి మీకు తెలీదు” అని కేకేసింది. ఇచ్చేశాడు.

పదీ తెచ్చి కొట్టు ముందు వీధిలోనే బల్ల వేసుకుని కోసింది. కళ్ళను నమ్మలేదు, వేలు పెట్టి వెతికింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. ఎనిమిది బాగున్నాయి. రెండింట్లో దారం పట్టీ దాటింది. ఒకదాంట్లో అప్పటికే రెండు కుట్లు తెగి ఉన్నాయి. ఆ రెండింటినీ, జీపాయన ఒరనూ, తెరిచిన పుస్తకాల్లా కొట్టు గుమ్మానికి వేలాడదీసింది. కింద అట్ట మీద బొగ్గుతో రాసింది: ‘ఇవి నేను తప్పుగా కుట్టినవి. ఇంకెవరి దగ్గరైనా అనుమానముంటే తీసుకురండి.’

“తీసెయ్యక్కా” అన్నాడు తమ్ముడు. ఈసారి కోపంగా కాదు, ఏడుపు గొంతుతో. “ఎవరైనా తమ తప్పును గుమ్మానికి కట్టుకుంటారా?”

“నేను కట్టుకుంటాను. మంచివి నలభై ఏళ్ళు కట్టాం కదరా, అప్పుడు బాగానే ఉందా?”

ఊరు రెండుగా చీలింది. కొందరు పిచ్చిదన్నారు, కొందరు పులి అన్నారు. పులి అన్నవాళ్ళ మాట ఘటం చెవిన పడింది. నిజం చెప్పాలంటే ఆమెకు బాగానే ఉంది. తల ఎత్తుకు నడిచింది. తప్పు ఒప్పుకోవడం ఇంత తేలికా అని లోలోపల ఆశ్చర్యపోయింది కూడా.

మూడో వారంలో గుమ్మం ముందు పాత జీపు ఆగింది. జీపాయన చంకకర్ర ఊతంతో దిగాడు. తమ్ముడు కుర్చీ లాగబోతే వద్దన్నాడు. వేలాడుతున్న తన ఒర దగ్గర చాలాసేపు నిలబడి, తెగిన ఐదు కుట్లనూ లెక్కపెట్టాడు. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ వెనక గదిలోకి వచ్చాడు. ఘటం పీట మీదే ఉంది, పని లేకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

“ఈ అట్ట వీధంతా చదివింది” అన్నాడు. “మీరు క్లబ్బువాళ్ళకు చెప్పారట. సెక్రటరీకి చెప్పారట. పదిళ్ళు తిరిగి చెప్పారట.”

“చెప్పాను” అంది ఘటం గడ్డం ఎత్తి. “దాచడం నా వల్ల కాదు.”

“మా ఇల్లు ఈ వీధికి నాలుగో సందులోనే. మూడు వారాలు మంచం మీదున్నాను.” ఆయన గొంతు పెంచలేదు. “నాకు చెప్పలేదమ్మా.”

ఘటం నోరు తెరిచింది. నలభై ఏళ్ళుగా ఎవరేమన్నా తడుముకోకుండా తిప్పికొట్టిన నోరు. ఏమీ రాలేదు. పదిళ్ళకు వెళ్ళింది, ఆ పదకొండో ఇంటికి ఎందుకు వెళ్ళలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. పది ఇళ్ళలో ఆమె ఒర అడగడానికి వెళ్ళింది. ఆ ఇంట్లో అడగడానికి ఒర లేదు. మనిషి ఉన్నాడు. వీధిలో అరిచి చెప్పినదంతా ఆ ఒక్క మంచం దగ్గర నిలబడకుండా ఉండటానికేనేమో అనిపించి, తల తీసేసినట్టయింది.

పీట మీదినుంచి లేచింది. కొట్టుకు ఎవరొచ్చినా ఆమె లేవడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు.

“రావాల్సింది” అంది. “భయమేసింది. మీ కాలు చూడాలంటే భయమేసింది. నా వల్ల మీరు చచ్చిపోయేవారు. నన్ను క్షమించండి.”

మాటలు ఒక్కొక్కటీ బరువుగా వచ్చాయి. జీపాయన తలాడించాడు. అప్పుడు కుర్చీ అడిగి కూర్చున్నాడు. తమ్ముడు తెచ్చిన నీళ్ళు తాగాడు. కంటి ఆపరేషను ఎప్పుడని అడిగాడు. వచ్చే నెల ఆరున అంది.

“బాగయ్యాక మళ్ళీ నా చేత కుట్టించుకుంటారా?” ఇలా అడగడం ఆమెకు ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వాళ్ళే వచ్చి అడిగారు.

ఆయన కాలు వంక చూసుకున్నాడు. “ఆలోచిస్తాను” అన్నాడు.

అవునని కాదు, కాదనీ కాదు. అది గుచ్చుకుంది. ఘటం కళ్ళు తుడుచుకుని మళ్ళీ పీట మీద కూర్చుంది, వీపు నిటారుగా పెట్టి.

“ఆలోచించండి” అంది. “తొందరేం లేదు. నేనెక్కడికీ పోను. ఇక్కడే ఉంటాను.”